ఆమె మైకు లాక్కున్న శుక్రవారం

ఫిబ్రవరి నెల రెండో శుక్రవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు, బహ్రెయిన్ దేశంలో ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని మా ప్రార్థన హాల్లో నేను సాక్ష్యం చెబుతుంటే ఆమె వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కుంది. గంట ఎందుకు గుర్తుందంటే, చేతిలో మైకు పోయాక ఎటు చూడాలో తెలియక గోడ గడియారం వైపు చూశాను.

అది జరిగి ఏళ్ళయింది. పోయిన వారం ఆమె జగిత్యాల దగ్గర తన ఊళ్ళో నిద్రలోనే పోయిందట. ఫోనులో కబురొచ్చేసరికి నేను గలాలీలో మా మేడం వంటింట్లో చేపలు కడుగుతున్నాను. చేపలు కడగడం పూర్తి చేసి, ఉప్పూ పసుపూ రాసి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని అప్పుడు ఏడ్చాను. పని మధ్యలో వదిలేసి ఏడిస్తే ఆమె ఒప్పుకునేది కాదు.

నేను యాభైకి దగ్గర పడ్డాక పాస్టరమ్మగారి దగ్గర అక్షరాలు దిద్దినదాన్ని. ఇందులో పెద్ద మాటలు వెతక్కండి. ఆమె ఎప్పుడు పుట్టింది, ఎవరిని చేసుకుంది, పిల్లలెంతమంది అన్నవి నాకు సగమే తెలుసు. ఆ సగం మీకు అక్కర్లేదు. పేరు కూడా రాయను. వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ ఇంట్లో కడుపుకి సరిగా పెట్టడం లేదని బయటికొచ్చేసి, కాగితాలు లేకుండానే చాలాకాలం ఈ దేశంలో బతికింది. ఫ్లాట్లు తుడవడం, బట్టలు ఇస్త్రీ చేయడం ఆమె పని. ఎవరైనా పేరడిగితే "నాతోని పనా, పేరుతోని పనా?" అనేది. మేమంతా అక్క అనేవాళ్ళం. బహ్రెయిన్‌లో ఎన్నేళ్ళున్నా దాన్ని దుబాయి అనే పిలిచింది. "అక్కా, దుబాయి వేరే దేశం" అంటే "నాకు జీతమిచ్చేటిదంత దుబాయే" అనేది.

పొట్టి మనిషి. వెడల్పాటి మణికట్లు. నలుగురితో కలిసి నడవడం ఆమెకు రాదు, ముందు నడుస్తూ వెనక్కి తిరిగి మాట్లాడేది. హాల్లో ఏసీ గాలి నేరుగా తగిలే కుర్చీ ఆమెదే. అందులో ఇంకెవరైనా కూర్చుంటే వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడేది, వాళ్ళే లేచేదాకా. సంచిలో ప్లాస్టిక్ కవరు, అందులో తడి రుమాలు ఉండేవి. ఒంట్లో వేడి ఎగదన్నినప్పుడు మెడ దగ్గర మొదలై ముఖమంతా ఎర్రబడేది. మిగతా ఆడవాళ్ళమైతే కొంగుతో చెమట తుడుచుకుని ఏమీ జరగనట్టు కూర్చునేవాళ్ళం. ఆమె మాత్రం ఇంటికి చుట్టం వచ్చినట్టు పైకి చెప్పేది. "వచ్చిందే. అంటుకున్నది." ఆ తడి రుమాలు మెడ వెనక వేసుకుని, చేతికి ఏది దొరికితే దానితో విసురుకునేది. అన్నం పళ్ళెమైనా సరే, పాటల పుస్తకమైనా సరే.

ఒకసారి ఇండియా నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. గొంతు పెద్దది. అగ్ని దిగాలి, అగ్ని దిగాలి అని గంటసేపు ప్రార్థన చేయించాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు వేడి ఎక్కింది. ముఖం ఎర్రగా కంది, చెమట ధారలు కట్టింది. ఆయన చూశాడు. పరుగున వచ్చి నెత్తిమీద చెయ్యి పెట్టి "దిగింది! ఈ సహోదరి మీద దిగింది!" అన్నాడు. ఆడవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. మా ముందు వరసలో ఒకామె అప్పటికే ఏడుస్తోంది.

ఆమె కళ్ళు తెరిచి "అయ్యా, చెయ్యి తియ్యుండ్రి" అంది. "గిది మీదికెల్లి దిగలే, లోపల్నించి ఎక్కింది. నాకు ముట్లుడిగినయ్. జర ఆ ఏసీ పెంచుండ్రి."

ప్రసంగీకుడి చెయ్యి గాల్లోనే ఆగింది. కీబోర్డు ఆగింది. పాస్టరమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. ఆ రోజు భోజనాల తర్వాత మెట్ల దగ్గర ఒక్కొక్కరే ఆమె దగ్గరికి చేరారు. "అక్కా, నాకూ అంతేనక్కా, రాత్రిళ్ళు పక్క తడిసిపోతోంది." "అక్కా, నాకు దెయ్యం పట్టిందనుకున్నాను." నేనూ వెళ్ళాను. అందరం పని ఇళ్ళలో ఉండేవాళ్ళం. తల్లులు, అక్కలు సముద్రానికి అవతల ఉన్నారు. ఫోనులో ఇలాంటివి అడగలేం, మా గదికి తలుపు ఉంటే కదా. వయసు మళ్ళడం ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు లేక ఎవరికి వాళ్ళం నాకొక్కదానికే ఏదో రోగమొచ్చిందని అనుకునేవాళ్ళం.

ఆమె దగ్గర ఏలక్కాయల రేకుడబ్బా ఒకటి ఉండేది. అందులో గోలీలు. కాల్షియం గోలీ చింతగింజంత ఉండేది. దాన్ని మింగలేక పళ్ళతో రెండు ముక్కలు చేసి మింగేది. వారానికొకసారి వేసుకునే డి విటమిన్ గోలీ శుక్రవారానికి పెట్టుకుంది, మర్చిపోకుండా. ఎండ తగలకే తనకు ఎముకల్లో బలం తగ్గిందని డాక్టరు చెబితే డాక్టరుతోనే పోట్లాడి వచ్చింది. "గింత ఎండల దేశంల నాకు ఎండ తక్కువైందంటే ఎవలన్న నవ్వుతరు" అంది మాతో. రెండు వారాలు ఆలోచించింది. తర్వాతి శుక్రవారం భోజనాలవగానే మమ్మల్నందరినీ డాబా మీదికి తోలింది. "నిజమే జెప్పిండు. మనం ఎండను ఎప్పుడు జూస్తున్నం? ఇంట్ల నుంచి కారు, కార్ల నుంచి ఇల్లు. చేతులు పైకి మడువుండ్రి. గుడ్డల లెక్క ఆరుండ్రి."

చలికాలం ఎండ. బట్టలారేసే తాళ్ళ మధ్య మేము వరసగా జాకెట్ చేతులు భుజాలదాకా మడుచుకుని నిలబడ్డాం. పక్క బిల్డింగు వాచ్‌మన్ ఇదేదో కొత్త ప్రార్థన అనుకుని తలవంచుకున్నాడు. అప్పట్నుంచి వేసవి రానంతకాలం ప్రతి శుక్రవారం అదే తంతు. తప్పించుకుని కింద కూర్చున్నవాళ్ళని జబ్బ పట్టుకుని తీసుకొచ్చేది.

తనకు తెలుసని మాత్రం ఎన్నడూ అనలేదు. ఏ మందు గురించి అడిగినా మొదటి మాట "నాకేం దెల్వదు" అనే. రెండో మాట "ముగ్గుర్ని అడుగు." గోలీల పట్టీ పట్టుకుని మందుల షాపులో మలయాళీ అతన్ని అడిగేది, తాను ఫ్లాటు తుడిచే నర్సమ్మని అడిగేది, కార్డు అడగని ప్రైవేటు క్లినిక్కులో క్యూ కట్టి డాక్టరుని అడిగేది. "ఇద్దరు ఒక్క మాట జెప్పితె ఇను. ముగ్గురు మూడు జెప్పితె మింగకు." ఈ పద్ధతి వల్ల ఆమెను చూస్తే మందుల షాపతను లోపలికి వెళ్ళిపోయేవాడు.

మాలో ఒక అలవాటుంది. మేడంలు వాడి వదిలేసిన, గడువు దగ్గరపడ్డ విటమిన్ సీసాలు మాకు ఇచ్చేస్తారు. మేము వాటిని సబ్బులతో, బాదం పప్పుతో, నొప్పుల బామ్‌తో కలిపి కార్గో పెట్టెలో వేసి ఇంటికి పంపుతాం. వదినకి, ఆడపడుచుకి, అత్తకి. దుబాయి మందంటే ఊళ్ళో గొప్ప. మేము మాత్రం వేసుకోం. పెట్టె కడుతున్నప్పుడు ఆమె వచ్చిందంటే మా పని అయిపోయేది. పెట్టెలో చెయ్యి పెట్టి సీసాలు బయటికి తీసేది.

"అది మా వదినకి అక్కా."

"మీ వదిన పాలు తాగుతది, పొలం బోతది, ఎండల తిరుగుతది. నువ్వు నాలుగు గోడల నడుమ ఏసీల కుళ్ళుతున్నవ్. ముందు ఎవలి బొక్కలు ఇరుగుతయ్ జెప్పు?"

అలాగని ఆ సీసా మమ్మల్ని మింగనిచ్చేదా, అదీ లేదు. ముగ్గుర్ని అడగాలి. అడగకుండా మింగిన జ్యోతి సంగతి మా అందరికీ తెలుసు. జ్యోతి కాకినాడ పిల్ల, బాగా నీరసంగా ఉందని మేడం పక్కన పెట్టిన సీసాలోంచి రోజుకు రెండు చొప్పున మింగింది. తీరా అవి మేడం పిల్లివి, బొచ్చు రాలకుండా వేసేవి. "నీరసం తగ్గిందా?" అని ఆమె అడిగింది. "తగ్గలేదక్కా" అంది జ్యోతి. ఆమె జ్యోతి జడ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి "జడ మాత్రం మంచిగున్నది" అంది.

ఇప్పుడు నా సంగతి.

నాకు నెలసరి ఆగిపోయాక ఆ మాట మా మేడంకి చెప్పలేదు. మా మేడం చెడ్డదేం కాదు. కానీ ఇంట్లో పనిమనిషికి కావలసినవన్నీ ఆవిడే కొంటుంది, ఆ ప్యాకెట్లతో సహా. నెలనెలా నా గదిలో పెడుతుంది. వద్దంటే రెండిట్లో ఒకటి అనుకుంటుంది. ఒకటి, నేను తప్పు చేశానని. మొగుడు పోయిన ఆడది, ఈ దేశంలో, నెల తప్పిందంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. రెండోది, నేను ముసలిదాన్నయ్యానని. వాళ్ళింట్లో మంచం పట్టిన మామ్మగారిని ఎత్తి కూర్చోబెట్టేది నేనే. ముసలిది ముసలిదాన్ని ఎత్తలేదనుకుంటే నా వీసా మళ్ళీ వెయ్యరు. అందుకని ప్యాకెట్లు తీసుకుంటూనే ఉన్నాను. శుక్రవారం సంచిలో తెచ్చి హాల్లో చిన్న వయసు పిల్లలకి పంచేసేదాన్ని.

ఆమె ఒకరోజు అది చూసింది. "నీకొద్దా?" అంది. నేను సంచి మూతి ముడిచాను. ఆమె నా ముఖం చూసి, సంచి చూసి, గోడకానుకుని నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి "మేడంకు జెప్పు చెల్లె" అంది. "ఆమె గూడ ఆడిదే." నేను చెప్పలేదు.

అప్పుడు సుకన్య పొడి తెచ్చింది. సుకన్యది నర్సాపురం. ఉమ్మ్ అల్ హస్సామ్‌లోనే ఒక బ్యూటీ పార్లరులో పని. గొలుసు వ్యాపారంలో ఎవరో పై లీడరు కింద చేరి, నలభై ఐదు దాటిన ఆడవాళ్ళ కోసమని గులాబీ రంగు డబ్బాలు అమ్మేది. వేడి ఆవిర్లు తగ్గుతాయి, నిద్ర పడుతుంది, చర్మం నునుపు తేలుతుంది, వయసు వెనక్కి నడుస్తుంది. ఆ పిల్ల మోసం చేసే రకం కాదు, తనే ముందు నమ్మింది. వాళ్ళమ్మకు కూడా కార్గోలో పంపింది. నేను డబ్బా తీసుకున్నాను. రోజూ పాలల్లో కలుపుకుని తాగాను. ఆమె చూసి "ముగ్గుర్ని అడిగినవా?" అంది. "సుకన్యని అడిగాను" అన్నాను. "అమ్మేటోళ్ళని అడిగితే అది అడిగినట్టు కాదు" అంది.

రెండో డబ్బా సగంలో ఉండగా నాకు మళ్ళీ కనిపించింది. ఆగిపోయిన రెండేళ్ళకి.

నేను భయపడలేదు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. నేను సంబరపడ్డాను. ప్యాకెట్లు పంచడం మానేశాను. మేడం ముందు తల పైకెత్తి తిరిగాను. సుకన్యకి చెబితే నన్ను కౌగిలించుకుంది, వాళ్ళ లీడరుకి ఫోను చేసింది. ఆ లీడరు "పొడి పనిచేస్తోంది, మంచి లక్షణం" అందట. ఇంత మేలు జరిగాక హాల్లో సాక్ష్యం చెప్పకపోతే దేవుడికి కృతజ్ఞత లేనట్టే కదా అనుకున్నాను. మా దగ్గర అది అలవాటు. జ్వరం తగ్గినా, జీతం పెరిగినా లేచి నిలబడి చెప్పాలి.

ఆ శుక్రవారం బయట ఇసుక గాలి. చాలామంది రాలేదు. పాటలయ్యాక నేను మైకు తీసుకున్నాను.

"అందరికీ వందనాలండి. నాకు ఆగిపోయిన బలం దేవుడు తిరిగిచ్చాడండి. రెండేళ్ళ తర్వాత నా దేహం మళ్ళీ పడుచుదైందండి. సుకన్య ఇచ్చిన పొడిని దేవుడు దీవించాడండి."

"స్తోత్రం!" అని ఆడవాళ్ళు అన్నారు. వాళ్ళకు అర్థమైంది. మగవాళ్ళకు అర్థం కాలేదు కానీ వాళ్ళు ఇంకా గట్టిగా అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది రాజన్న. కర్జకాన్ వైపు కన్‌స్ట్రక్షన్ క్యాంపులో ఉంటాడు, కంపెనీ పికప్పు తోలతాడు. అతను హిందువు, మా హాల్లో శుక్రవారం పెట్టే పప్పన్నం కోసం వస్తాడు. అన్నం ముందు వచ్చే ప్రతి స్తోత్రానికీ న్యాయం చేస్తాడు.

ఆమె ఏసీ కింద కుర్చీలోంచి లేచి వచ్చి మైకు లాక్కుంది.

"బలమంటే ఏందే? నెత్తురా?"



"అక్కా, మగాళ్ళున్నారు" అన్నాను నేను మెల్లగా. కానీ మైకు ఆమె చేతిలో ఉంది, అది కూడా అందరికీ వినబడింది.

"మగోల్లు గూడ దాంట్లకెల్లే వచ్చిండ్రు. జెప్పు. నెత్తురు వడుతుందా? ఎప్పటి సంది?"

"క్రిస్మస్ ముందు నించి. మజ్జలో ఆగుద్ది, మళ్ళీ అవుద్ది."

సుకన్య లేచింది. "అక్కా, పొడి పనిచేస్తే అలాగే అవుద్దంట. మంచి లక్షణం అంట."

"ఎవలన్నరు? డాక్టరా?"

"మా లీడరు."

"ఆమె ఎవలిని అడిగింది?"

సుకన్య కూర్చుండిపోయింది. పాస్టరుగారు ముందుకొచ్చి చెయ్యి చాపారు, మైకు కోసం. "అమ్మా, ఇప్పుడు ప్రార్థన చేసుకుందాం. ఈ సంగతి మీరు ఆడవాళ్ళు తర్వాత నిదానంగా..."

"మీరు ప్రార్థన జెయ్యుండ్రి అయ్యా. మీరు చేస్తుండ్రి, మేము పోతుంటం. దేవుడు దవఖానల గూడ ఇంటడు." మైకు ఆయన చేతిలో పెట్టి నా వైపు తిరిగింది. "నాకేం దెల్వదు. నీకేం దెల్వదు. గీ పిల్లకు అసలే దెల్వదు. దెల్వనోళ్ళందరం గల్సి స్తోత్రం అంటే దెలిసినట్టయితదా? పా."

"నేను రానక్కా. మేడంకి తెలిసిపోద్ది. నా వీసా పోద్ది."

"పోనీ."

"నీకేం, నీకు వీసాయే లేదు."

అనకూడని మాట. అందరి ముందు అన్నాను. ఆమె రెప్ప కూడా వేయలేదు. "అవు, లేదు. లేకున్న బతికే ఉన్న గద. నువ్వు గూడ బతుకు. పా." నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతుల సంగతి ముందే చెప్పాను, వెడల్పాటి మణికట్లు. "రాజన్నా, బండి దియ్యి."

"అక్కా, అన్నం?"

"అన్నం యాడికి వోదు. సుకన్యా, నీ డబ్బ పట్టుకుని నువ్వు గూడ ఎక్కు. డాక్టరు జూడాలె."

పికప్పులో వెనక సీటులో ముగ్గురం. మధ్యలో నేను. సుకన్య గులాబీ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది, ఒలికిపోతుందన్నట్టు.  ఇసుకకి రోడ్డు కనబడక రాజన్న లైట్లు వేసి తోలాడు.

ఆస్పత్రి ఎమర్జెన్సీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా కార్డు చూశాడు, సుకన్య కార్డు చూశాడు. ఆమె వైపు చెయ్యి చాపాడు. అప్పుడు నాకు తట్టింది, కాగితాల్లేని మనిషి సర్కారు గుమ్మంలో నిలబడిందని. ఆమె ఆ ఆస్పత్రి వీధిలోకి కూడా వచ్చేది కాదు. నేను భయంతో "అక్కా, నువ్వు బండిలో కూర్చో" అన్నాను. ఆమె అతని కళ్ళలోకి చూసి "కార్డ్ నహీ. బహెన్ హై" అంది, నన్ను చూపించి. అతను మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ అదే అంది, ఇంకొంచెం నెమ్మదిగా, అతనికి హిందీ రాదేమో అన్నట్టు. వెనక స్ట్రెచర్ వచ్చింది. అతను పక్కకి జరిగాడు. ఆమె నడిచింది, ఎప్పట్లాగే మాకు ముందు.

బల్ల మీద కూర్చున్నాం. గోడ మీద నెంబర్లు మారుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు. నెంబరు పిలిస్తె ఇనవడదు" అంది. గోడ వైపే చూస్తూ చెప్పింది. "మా అక్కకు గిట్లనే అయింది. బీడీలు చేసేది. ఆగినంక మల్ల వచ్చింది. వాడకట్టు ఆడోల్లంత నవ్విండ్రు, నీకింక వయసున్నదే అని. నేను గూడ నవ్విన. పసుపుబొట్టు వెట్టి నవ్విన." అంతే. తర్వాత ఏమైందో చెప్పలేదు, నేను అడగలేదు. అవతల సుకన్య డబ్బా మూత బిగిస్తోంది, బిగించిందే మళ్ళీ బిగిస్తోంది.

లోపల డాక్టరమ్మ ఈజిప్టు ఆవిడ. ఆవిడ అడిగినవి మలయాళీ నర్సు హిందీలో చెప్పింది. ఆగిపోయి ఎంతకాలం, ఎప్పుడు మళ్ళీ కనిపించింది, ఎంత. డాక్టరమ్మ డబ్బా తిప్పి చూసి పక్కన పెట్టింది. పొడి వల్లే వచ్చిందా, ముందే ఉందా అన్నది తను చెప్పలేనంది. చెప్పగలిగింది ఒకటే. "ఏడాది ఆగిపోయిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా అది వయసు తిరిగి రావడం కాదు. ఆ రోజే రావాలి. ఎన్నిసార్లు వస్తుందో చూద్దామని కూర్చోకూడదు." స్కాను తీశారు. తర్వాత ముక్క తీసి పరీక్షకి పంపారు. గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగిందన్నారు, అందులో చెడు మొదలవుతోందన్నారు. ఇంకా ముదరలేదన్నారు. గర్భసంచి తీసేశారు. నేను బతికున్నాను.

ఆ శుక్రవారం సాయంత్రమే ఆమె నాతో గలాలీ వచ్చింది, మా మేడం గుమ్మం దాకా. ఆమెకొచ్చిన అరబ్బీ నాలుగు ముక్కలు. అవే అటూ ఇటూ తిప్పి చెప్పింది. మేడం విని నన్ను చూసి కోపంగా అడిగింది. "మరి ఆ ప్యాకెట్లన్నీ ఏమయ్యాయి?" పంచేశానని చెప్పాను. మేడం నుదురు కొట్టుకుంది. "ఖలాస్. పని తర్వాత, ముందు ఆస్పత్రి" అంది. మామ్మగారిని ఎత్తడానికి వేరే అమ్మాయిని తెచ్చింది. నాకు వంట మిగిలింది. వీసా వేశారు. ఆమె చెప్పమన్న రోజే చెప్పుంటే సరిపోయేది అనుకోవచ్చు, అనుకోను. గల్ఫులో పనిమనిషిగా ఉండి చూసినవాళ్ళు నా నోరు ఎందుకు పెగల్లేదో అడగరు.

ఆపరేషనయ్యాక ఆమె బస్సెక్కి వచ్చేది, సీసాలో రాగి జావ పట్టుకుని. గలాలీ సముద్రపు గట్టు మీద నన్ను నడిపించేది. "ఇంక అటు దాక." అక్కడికి వెళ్ళాక "ఇంక ఆ బండ దాక." డాక్టరు రాసిచ్చిన కాల్షియం నేను మింగానా లేదా అని నోరు తెరిపించి చూసేది, చంటిపిల్లకి చూసినట్టు. "గోలి ఒక్కటే ఏం జెయ్యది. గోలి చేతికర్ర. నడిచేటియి నీ కాళ్ళే" అనేది. ఒకసారి ఆమెను అడిగాను, ఆ రోజు గేటు దగ్గర పట్టుకునుంటే ఏం చేసేదానివని. "పట్టుకుంటే పట్టుకుంటుండె. నిన్ను లోపలికి తోలినంక పట్టుకుంటుండె" అంది. ఆ తర్వాత కాగితాలు లేనివాళ్ళకి శిక్ష లేకుండా ఊరెళ్ళిపోయే దారి సర్కారు ఇచ్చినప్పుడు ఆమె వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో కూడా మాకు ముందే నడిచింది.

సుకన్య ఇప్పటికీ సబ్బులూ నూనెలూ అమ్ముతుంది. పొడి అమ్మదు. ఎవరైనా పొడి కావాలని అడిగితే ముందు వాళ్ళని కూర్చోబెట్టి, ఆగిపోయిందా, ఆగాక మళ్ళీ ఏమైనా కనిపించిందా అని అడుగుతుంది. వాళ్ళు సిగ్గుపడతారు. ఆ పిల్ల సిగ్గుపడదు. ఇద్దర్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఇద్దరికీ ఏమీ లేదని తేలింది. "ఏమీ లేదని తెలిసిందిగా, అదే చాలు" అంది. నేను కూడా హాల్లోకి కొత్తగా వచ్చే ప్రతి ఆడమనిషినీ అడుగుతాను. నన్ను నోటి దురుసు ముసలిదంటారు. అననివ్వండి.

నేను ఇది రాయడానికి కూర్చున్నది ఏడవడానికి కాదు. మా హాల్లో ఈ మధ్య ఈ సంగతిని వేరేలా చెబుతున్నారు. నాకు కలలో హెచ్చరిక వచ్చిందని ఒకరంటున్నారు. ప్రార్థన చేయగానే గడ్డ కరిగిపోయిందని ఇంకొకరంటున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు అదే నమ్ముతున్నారు. రేపు వాళ్ళలో ఎవరికైనా మళ్ళీ కనిపిస్తే కలకోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. నాకు కల రాలేదు. గడ్డ కరగలేదు, కోసి తీశారు. దేవుడు ఆమెను పంపాడంటే ఒప్పుకుంటాను. ఆమె లేదంటే ఒప్పుకోను.

నా మాట నమ్మకపోతే ఆ రోజు అక్కడున్నవాళ్ళని అడగండి. ఇసుక గాలికి రానివాళ్ళు రాలేదు, వచ్చినవాళ్ళం వీళ్ళం. పాస్టరు యోహానుగారు. పాస్టరమ్మ సువార్తగారు. కీబోర్డు వాయించే దావీదు. వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ గుమ్మంలోకొచ్చి నిలబడిన దీనమ్మ. పిల్లి గోలీల జ్యోతి. రాజన్న. రాజన్నతో క్యాంపు నుంచి వచ్చి, మేము తిరిగొచ్చేదాకా అన్నం ముట్టకుండా కూర్చున్న లింగన్న. సుకన్య. నేను, కరుణమ్మని. ఆమె.